ఇన్‌స్పెక్టరు గారి కోసం ప్రార్థన

మా సంఘంలో ఆదివారం ఆరాధనకు ఒక వరస ఉంది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, ఆ తర్వాత కానుక. కానుక పట్టే ముందు ఎవరో ఒకరు లేచి అధికారుల కోసం ప్రార్థన చేయాలి. ముఖ్యమంత్రి మొదలుకొని మా గల్లీ కార్పొరేటరు దాకా, మా మీద పెత్తనం ఉన్న వాళ్లందరి కోసం. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. రోగుల కోసమో, పిల్లల పరీక్షల కోసమో అయితే కన్నీళ్లు వస్తాయి గాని మంత్రి కోసం ఎవరికి వస్తాయి? అందుకని పాస్టరుగారు దాన్ని నాకు అప్పగించారు. నేను ఏడవకుండా ప్రార్థన చేయగలిగిన మనిషిని.

నారాయణగూడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి చేసి మానేశాను. చిక్కడపల్లిలో ఒక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా పాస్టరుగారి భార్య. ఆమెను సంఘమంతా అమ్మగారు అంటాం. నాకంటే చాలా చిన్నది, భీమవరం దగ్గరి మనిషి. మధ్యాహ్నం పూట వచ్చి నా పక్కన చాప మీద కూర్చుని, "అక్కగారూ, మళ్లీ ఒత్తు మరిచిపోయారండీ" అనేది. ఆ ఒత్తులు ఇప్పటికీ మరిచిపోతాను. చదవడం మాత్రం మరిచిపోలేదు.

చదవడం వచ్చాక, వేలు పెట్టుకుని నా అంతట నేను చదివిన వాటిలో ఒక మాట నన్ను గట్టిగా పట్టుకుంది. పెత్తనం ఎవరి చేతిలో ఉన్నా అది దేవుడు పెట్టిందేనని. ఈ మాట వినగానే చాలామంది చేతులు కట్టుకుంటారు. నాకు అట్లా అర్థం కాలేదు. నా భర్త ఉన్న రోజుల్లో బండి మీద పండ్లు అమ్మేవాడు. లాఠీ పట్టుకుని వచ్చిన ప్రతివాడూ బండి తనదే అన్నట్టు రెండు పండ్లు తీసి వెళ్లేవాడు. ఆ లాఠీవాడు కూడా ఒకరి దగ్గర జీతగాడేనని, వాణ్ణి పెట్టినవాడు పైన ఉన్నాడని, పెట్టినవాడు లెక్క అడుగుతాడని తెలిసినప్పుడు నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. నా ప్రార్థన మొత్తం ఆ ఒక్క ముక్క మీదే నడిచేది.

రెండువేల తొమ్మిది చివర్లో ప్రత్యేక రాష్ట్రం గొడవ మళ్లీ రాజుకుంది. అప్పటికి నా కూతురి కూతురు నా దగ్గరే ఉంది. జనగామ పక్క పల్లె నుంచి వచ్చింది. అశోక్ నగర్‌లో కోచింగ్, చిక్కడపల్లి లైబ్రరీలో చదువు. తెల్లారగానే వెళ్లి కుర్చీ మీద బ్యాగు పెట్టి చోటు పట్టుకునేది. తహసీల్దారు కావాలని దాని ఆశ. మా ఇంట్లో తరతరాలుగా తహసీల్దారు ఆఫీసు అరుగు మీద కూర్చున్నవాళ్లే గాని లోపల కుర్చీలో కూర్చున్నవాళ్లు లేరు.

బంద్‌లు మొదలయ్యాయి. పొద్దున తెరిచిన షట్టర్లు పదిగంటలకు దించేవారు. అశోక్ నగర్ చౌరస్తాలో పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకునే నినాదాలు ఇచ్చేవారు. మా సంఘంలో సగం అటు జిల్లాల వాళ్లు, సగం ఇటు వాళ్లు. పైకి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమెన్ చెప్పే గొంతులో తెలిసిపోయేది. నేను ప్రార్థనలో "న్యాయం" అంటే ఇటు వైపు ఆమెన్ గట్టిగా వచ్చేది. "సమాధానం" అంటే అటు వైపు నుంచి వచ్చేది. రెండు మాటలూ దేవుడివే. కానీ ఏ ఆదివారం ఏది ముందు అనాలో తెలియక శనివారం రాత్రే కూర్చుని లెక్క వేసుకునేదాన్ని.

ఒక ఆదివారం పాస్టరుగారు, రాజులను నిలబెట్టేదీ దించేదీ దేవుడేనని, రోడ్డు మీద కూర్చుంటే రాజ్యాలు మారవని వాక్యం చెప్పారు. పూర్వం పారసీక రాజు ఒకడు దేవుణ్ణి ఎరగకపోయినా, దేవుడు అతని చేతనే చెరలో ఉన్న జనాన్ని ఇంటికి పంపించిన సంగతి చెప్పారు. బాగానే చెప్పారు. ఇంటికొచ్చాక మనవరాలు పళ్లెం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ అడిగింది.

"అమ్మమ్మా, బ్రిటిషోళ్లను ఎవరు పెట్టిండ్రు?"

"దేవుడే."

"తీసింది?"

"ఆయనే."

"ఎట్ల తీసిండు? జనం రోడ్డు మీదికొస్తేనే గదా. గప్పుడు దేవుని పని, గిప్పుడు రౌడీల పనా? మొన్న చౌరస్తాల నా దోస్తును లాఠీతోని కొట్టిండు చూడు, వాడు కూడా దేవుని సేవకుడేనా?"

"జీతగాడు," అన్నాను. "సరిగ్గ చేస్తుండా లేదా అన్నది వేరే ముచ్చట. తిను."

"నువ్వు వాని కోసం ప్రార్థన చేస్తవ్."

"చేస్తా. అడిగేటోడు ఒకడున్నడని వానికి యాదికి రావాలె గదా."

ఆమెకు ఆ జవాబు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ అంతగా నచ్చలేదు.

రెండువేల పదకొండు ఎండాకాలం మొదట్లో ఒక రోజు లోయర్ ట్యాంక్ బండ్ వైపు పెద్ద ఊరేగింపు అన్నారు. వద్దన్నాను. లైబ్రరీకే పోతున్నానంది. మధ్యాహ్నం ఆమెతో చదువుకునే పిల్ల ఒకతె చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, మీ పిల్లను పట్టుకపోయిండ్రు. వ్యాన్‌ల ఎక్కించిండ్రు."

"ఏడికి?"

"తెల్వదు. కేసు అయితే ఇంక రాయలేదంట. సాయంత్రం దాకా చూసి పేర్లు రాస్తరంట. పేరు ఎక్కిందంటే అయిపోతది అమ్మమ్మా. రేపు ఉద్యోగమొచ్చినా పోలీసోళ్లు ఎంక్వయిరీ చేస్తరు. కేసున్నోళ్లకు ఇయ్యరు."

ఆ పిల్లకు నీళ్లిచ్చాను. తాగలేదు. మాకు తెలిసిన లాయరు లేడు, లీడరు లేడు. నేను తిన్నగా అమ్మగారి దగ్గరికి వెళ్లాను.

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరింట్లోనైనా కష్టం వస్తే స్త్రీల కూడికలో ఉన్నవాళ్లం ఏడెనిమిది మందిమి తెల్ల చీరలు కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని, కంజీర పట్టుకుని వెళ్తాం. వీధి మొదట్లోనే పాట ఎత్తుకుంటాం. తలుపు కొట్టే అలవాటు లేదు, పాట వింటే వాళ్లే తీస్తారు. లోపలికి వెళ్లి ఇంటి యజమాని తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి వస్తాం. ఎన్నో ఏళ్లుగా ఇట్లాగే వెళ్తున్నాం, ఇంకో రకంగా వెళ్లడం మాకు రాదు.

అమ్మగారు నా మాట మొత్తం విని, గడియారం చూసి, "పిల్లను పట్టుకెళ్లిన ఆఫీసరు గారి మనసు దేవుడి చేతిలో ఉంది గదండీ. మనం వెళ్లి ఆయన కోసమే ప్రార్థన చేద్దాం, పదండక్కా," అంది. ఆమెకు రాష్ట్రం విడిపోవడం బొత్తిగా ఇష్టం లేదు. నా మనవరాలంటే ప్రాణం. చిన్నప్పుడు సెలవులకు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా సండే స్కూల్లో ఆమె ఒళ్లోనే కూర్చునేది.

అట్లా, ముందు నారాయణగూడ స్టేషన్‌లో అడుగుదామని బయలుదేరాం. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ముళ్ల కంచెలు అడ్డం పెట్టి ఉన్నాయి. నలుగురికి మించి గుంపుగా తిరగకూడదని పొద్దున్నించి మైకులో చెబుతున్నారట. మాకు ఎవరు చెప్పారు? తెల్ల చీరల్లో వరసగా, చప్పట్లు కొడుతూ, కంజీర మోగిస్తూ, ప్రభువు జయించాడని పాడుకుంటూ కంచె దాకా వెళ్లాం.

ఒక లేడీ కానిస్టేబులు ఉరికి వచ్చింది. "ఏ సంఘమమ్మా మీది?"

సంఘం అనగానే అమ్మగారి ముఖం వెలిగింది. మా సంఘం పేరు, కూడిక జరిగే మేడ, ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకో కూడా చెప్పింది.

"మహిళా సంఘమంట సార్!" అని కానిస్టేబులు వెనక్కి తిరిగి అరిచింది. "తెల్ల చీరల్లో మౌన దీక్ష అనుకుంట!"

"మౌనమా? పాడుతుండ్రు గదనే!" అన్నాడు అటు నుంచి ఎవరో. "ఎక్కియ్, ఎక్కియ్!"

మమ్మల్ని వ్యాన్ ఎక్కించారు. అమ్మగారు మెట్టు మీద కాలు పెట్టి కూడా, "అదేంటండీ, మేము మీ కోసమేనండీ వచ్చింది," అంటూనే ఉంది. "అందరు మా కోసమే వస్తరు, జర జరుగు," అంది కానిస్టేబులు.

తీసుకుపోయింది స్టేషన్‌కు కాదు, ఒక పెళ్లిళ్ల ఫంక్షన్ హాలుకు. ఆ రోజు పట్టుకున్న వాళ్లందరినీ అక్కడే పెట్టారు. లోపల వందల మంది పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. పెళ్లి వేదిక మీద ఎర్ర సోఫాలో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. కింద రైటరు టేబులు వేసుకుని తెల్ల కాగితాలు పేర్చుకుంటున్నాడు. ఇంకా రాయడం మొదలుపెట్టలేదు.

గోడ పక్కన నా మనవరాలు. చున్నీ చిరిగింది. మోచేతి మీద గీరుకుపోయింది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"చూశారా అక్కా, దేవుడే మనల్ని సరిగ్గా పిల్ల దగ్గరికి తీసుకొచ్చాడు," అని అమ్మగారు ఏడుపు మొదలుపెట్టింది.

"వ్యాన్ తీసుకొచ్చింది," అన్నాను. నాకు అప్పుడు కోపంగా ఉంది. "నెత్తి మీది కొంగు సరిచేసుకో తల్లీ. ఏడిస్తే ఇనే జాగా కాదిది."

మనవరాలి పక్కనున్న పిల్లలు మమ్మల్ని ఎగాదిగా చూశారు. ఒకడు, "అక్కా, వీళ్లు మనోళ్లేనా?" అని దాన్ని అడిగాడు.

"మా అమ్మమ్మ," అంది. తర్వాత నన్ను చూస్తూ, అందరికీ వినబడేట్టు, "ప్రతి ఆదివారం ఆ సోఫా మీద కూసున్నోళ్ల కోసమే ప్రార్థన చేస్తది," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. చెంప మీద కొట్టినట్టయింది. కానీ నిజమే గదా.

ఈలోపు అమ్మగారు ఊరుకోలేదు. తిన్నగా వేదిక దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని, మేం ఎందుకు వచ్చామో పూస గుచ్చినట్టు చెప్పింది. ఇన్‌స్పెక్టరు ముందు విసుక్కున్నాడు, తర్వాత నవ్వాడు. నలభై దాటిన మనిషి. పొద్దున్నించి అన్నం తిన్నట్టు లేడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా కోసం ప్రార్థనా? నేనేమన్న సచ్చిన్నా?"

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను కూడా వేదిక దగ్గరికి నడిచాను.

"సావలేదు సారూ. కుర్చీల ఉన్నవ్. అందుకే."

"గట్లనా? అయితే చెయ్యి. ఇక్కడే చెయ్యి. అందరు ఇంటరు," అన్నాడు. పంతం అది. నన్ను అందరి ముందు ఆడించాలని.

అమ్మగారు నా చెవిలో, "మెత్తగా చెయ్యండక్కా. పిల్ల సంగతి అడగండి. ఆయన మనసు కరగాలి," అంది. నేను మనవరాలి వైపు చూశాను. అది తల దించుకుంది. దాని బతుకు ఆ టేబులు మీద తెల్ల కాగితంలా ఉంది. ఒక్క మెత్తని మాట నా నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ నాకు ప్రార్థన ఒక్కటే రకంగా వచ్చు. దేవుడితో మాట్లాడుతున్నట్టు నటించి మనిషిని కాకా పట్టడం రాదు.

కళ్లు మూసుకున్నాను. "తండ్రీ, ఈ సారును నువ్వే పెట్టినవ్. ఈయన కుర్చీ నీది, ఈయన ఒంటి మీద గుడ్డ నీది, చేతుల లాఠీ కూడా నువ్వు ఇచ్చిందే. దాన్ని ఎవల మీద ఎత్తిండు, ఎందుకు ఎత్తిండు అని రేపు అడిగేది నువ్వే. ఈయనకు భయం పెట్టు. మా భయం కాదు, మేమెంత. పై ఆఫీసరు భయం కాదు, ఆయన రేపు బదిలీ అయితడు. నీ భయం పెట్టు. ఈడ కూసున్న పిల్లలు నీ పిల్లలు. వీళ్లకు బుద్ధి ఇయ్యి, ఈయనకు న్యాయం ఇయ్యి. పొద్దున్నించి తిన్నట్టు లేడు, ఇంత అన్నం పెట్టు. ఆమెన్."

ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. కళ్లు తెరిచేసరికి ఇన్‌స్పెక్టరు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు తీశాడో చూడలేదు.

"మీ పిల్ల ఎవరు?" అన్నాడు.

అమ్మగారు వేలు చూపించింది.

"తీస్కపో. పేరు రాయను. మీ పాటలోళ్లు కూడా పోండ్రి." గొంతు తగ్గించి అన్నాడు గాని ముందు వరసలో అందరికీ వినబడింది.

గబగబా గోడ దగ్గరికి వెళ్లి దాని చేయి పట్టుకున్నాను. "లే. నడు."

లేవలేదు. పక్కన కూర్చున్న ఆడపిల్లలు దాన్ని చూడడం లేదు, నేలను చూస్తున్నారు. వాళ్లూ అశోక్ నగర్ పిల్లలే. వాళ్లూ అదే పరీక్ష రాసేవాళ్లే.

"నేను రాను అమ్మమ్మా."

"నోర్మూసుకొని నడు. మీ అమ్మకు నేనేం జెప్పాలె? ఉద్యోగం ఒద్దా?"

"కావాలె." ఏడవలేదు. "గానీ ఆయన జీతగాడే అని నువ్వే చెప్పినవ్. ఇప్పుడే అందరి ముంగట చెప్పినవ్. జీతగాడు యజమాని సొమ్ముల నుంచి తీసి ఇచ్చే ఇనాం నాకొద్దు. వదిల్తే అందర్ని వదలమను."

దాని చెంప పగలగొట్టాలనిపించింది. చేయి కూడా లేచింది. తన మాట తనకే అడ్డం తిరిగినప్పుడు మనిషికి వచ్చే కోపం అది. నేను న్యాయం ఇయ్యమని దేవుణ్ణి అడిగాను. ఆ మనిషి నాకు దయ ఇచ్చాడు, నా ఒక్కదానికే. ఈ రెండూ ఒకటి కాదని నాకు ఆ క్షణంలో తోచలేదు. పిల్లకు తోచింది.

ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది. ముఖం గంటుపెట్టుకున్నాడు. ఇవ్వబోయిన మనిషి చేయి తోసేస్తే ఎట్లుంటుంది? టోపీ పెట్టుకుని లేచాడు.

"రాయవయ్యా రైటరూ. ఒక్కర్ని ఇడువకు. ఆ పాటలోళ్లతో సహా రాయి!"

అమ్మగారు బిత్తరపోయింది. "అయ్యో, నాదెందుకండీ? మాది భీమవరం పక్కనండీ! మాకసలు ఇది ఇష్టమే లేదండీ!"

"ఊరు కాదమ్మా, పేరు చెప్పు," అన్నాడు రైటరు.

హాలు మొత్తం ఒక్కసారిగా నవ్వింది. ఎవడో "జై అమ్మగారు!" అని అరిచాడు. మనవరాలు కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి వచ్చి అమ్మగారి చేయి పట్టుకుని టేబులు ముందు నిలబడింది. వరసలో దాని పేరు ముందు, తర్వాత అమ్మగారిది, తర్వాత నాది, వెనక మిగతా పాటవాళ్లవి. సాయంత్రం అందరినీ పూచీ మీద వదిలిపెట్టారు. కేసు మాత్రం అయింది.

తర్వాత మూడేళ్లు కోర్టు వాయిదాలు. ఆ మూడేళ్లు నా మనవరాలు చదవడం మానలేదు గాని ముఖంలో కళ పోయింది. పుస్తకం ముందు కూర్చుని ఒకే పేజీ చూస్తూ ఉండేది. నేను ఆదివారం లేచి ప్రార్థన చేసేదాన్ని, ఇంటికి వచ్చి దాని ముఖం చూసేదాన్ని. నువ్వు పెట్టిన వాడే గదా ఈ పిల్ల పేరు రాయించింది, ఇప్పుడు ఎవరితో కొట్టేయిస్తావో చెప్పు అని వంటగదిలో దేవుణ్ణి నిలదీసేదాన్ని. ప్రతి వాయిదాకూ మేం ముగ్గురం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. అమ్మగారు పులిహోర కట్టుకొచ్చేది. కోర్టు వరండాలో రాష్ట్రం గురించి పిల్ల ఒకటి, ఆమె ఒకటి వాదించుకునేవారు. తిండి దగ్గర ఆగేవారు.

రెండువేల పద్నాలుగులో కొత్త రాష్ట్రం వచ్చింది. మా వీధిలో టపాసులు కాలుతుంటే అమ్మగారు తలుపు వేసుకుని కూర్చుంది. మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారా అక్కా అని రెండుమూడు సార్లు అడిగింది. ఉండనియ్యకపోతే నన్ను దాటి పోవాలె అన్నాను. అంతకంటే నాకేం తెలుసు? ఉద్యమం కేసులు ఎత్తేస్తామని కొత్త ప్రభుత్వం అంది. అన్నాక కూడా నెలలు గడిచాయి. ప్రతిసారీ మా కాగితం ఇంకా రాలేదనేవారు.

చివరికి ఒక రోజు పిలిచారు. జడ్జిగారు తల ఎత్తకుండా పేర్లు చదివించారు. ఒక్కొక్కరం లేచి నిలబడ్డాం. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుందని, ఇక వెళ్లవచ్చని చెప్పారు. అంతే. మూడేళ్ల బరువు, అంత చిన్న మాట.

బయట పిల్లలు రంగులు చల్లుకుంటున్నారు. ఉద్యమకారులకు జై అంటూ అమ్మగారిని కూడా మధ్యలోకి లాగి ఫొటో తీశారు. తెల్ల చీర నిండా రంగు. "మావారు చూస్తే ఏమంటారో," అని ఆమె ఒకటే నవ్వు, కళ్ల వెంట నీళ్లు. విడిపోవద్దన్న మనిషి, ఈ రాష్ట్రం కోసం కేసు మోసిన మనిషిగా తేలింది. ఇక ఆమెను పొమ్మనేది ఎవరు? ఆ రోజు ఇన్‌స్పెక్టరు కోపంలో రాయించిన పేరు అది. ఇది దేవుడి పని అంటే నేను కాదనను. కానీ ఆ మూడేళ్లు నా పిల్ల ముఖం చూసినదాన్ని గనక ఔనని గట్టిగా కూడా అనను.

మనవరాలు రంగుల దగ్గరికి వెళ్లలేదు. లాయరును పట్టుకుని, "సార్, రేపు ఎంక్వయిరీల ఇది అడ్డం రాదు గదా?" అని అడిగింది. రాదన్నాడు. మళ్లీ అడిగింది. రాదమ్మా అన్నాడు. అప్పుడు కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. హాల్లో ఏడవని పిల్ల. అమ్మగారు వచ్చి కొంగుతో తుడిస్తే చెంపలకు రంగు అంటుకుంది.

ఏడుపు ఆగాక నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, నాకు ఉద్యోగమొచ్చి కుర్చీల కూసుంటే నా కోసం కూడా గట్లనే చేస్తవా? భయం పెట్టమని?"

"నీకు ఇంకా గట్టిగ చేస్తా," అన్నాను.

ఆమె నవ్వలేదు. సరేనన్నట్టు తల ఊపి, చున్నీతో ముఖం తుడుచుకుని, లైబ్రరీ మూసే లోపు చేరాలని బస్సు కోసం రోడ్డు దాటింది.